ఏడో నంబరు ప్రేక్షకురాలు

"నీ గళ్ళ కాగితాల ఫైలు యాడ పెట్టినావు?" అని మా ఆయన అడిగినప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. సంగటి కెలికే మనిషిని ఎవరూ ఏమీ అడగకూడదు. చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. ఆపకపోతే బుర్ర సంగటిలోనే ఉంటుంది గానీ నోటి దగ్గర ఉండదు. "బీరువా పైన" అనేశాను. ఐదేళ్ళ నా పని ఎక్కడుందో, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత తేలిగ్గా చెప్పేశాను. ఆయన ఫైలు దించుకుని, దాని మీది దుమ్మంతా నేను అప్పుడే తుడిచిన నేల మీద దులిపి, గదిలోకి పోయాడు. సంగటి దించాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

మా ఆయన పేరు గిరిబాబు. మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జర్నలిజం పాఠాలు చెప్తాడు. నేనూ ఆ చదువే చదివాను. ఇద్దరిదీ ఒకే ఎం.ఏ., ఒకే బ్యాచ్. గోల్డ్ మెడల్ ఎవరికొచ్చిందో ఇప్పుడు చెప్పుకుని ఏం లాభం, అది మా అమ్మ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. మా అమ్మా, మా అత్త అక్కమ్మా ఒకప్పుడు ఒకే మేస్త్రీ కింద టమోటా తోటల్లో కూలికి పోయినవాళ్ళు. వాళ్ళ పిల్లలం మేమిద్దరం చదువుకున్నాం. పెళ్ళయ్యాక ఆయన ఉద్యోగం నిలబడాలి గనుక నేను గెస్ట్ లెక్చరరు పని వదిలేశాను. పాప పుట్టింది గనుక రెండోసారి వదిలేశాను. అత్తకు మోకాలి ఆపరేషను అయింది గనుక మూడోసారి వదిలేశాను. వదలనిది ఒక్కటే, నా పీహెచ్‌డీ. అదైనా నేను గట్టిదాన్నయి కాదు, మా గైడు ప్రమీల మేడం నన్ను వదలలేదు గనుక. తిరుపతి నుంచి నెలకోసారి ఫోను చేసి, "ఎన్ని పేజీలయ్యాయి అంబికా?" అని తప్ప వేరే మాట అడిగేవారు కాదు.

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో టీవీ సీరియళ్ళు చూసే ఆడవాళ్ళ మీద నా పని. మా రంగంలో ఒకప్పుడు సీరియల్లో ఏముందో రాసేవాళ్ళు. అత్త ఎంత చెడ్డది, కోడలు ఎంత ఓర్పుగలది, నగలెన్ని, ఏడుపులెన్ని. తర్వాత పరిశోధన తెర వైపు నుంచి సోఫా వైపు తిరిగింది. చూసే మనిషి ఎవరు, ఎవరితో కూర్చుని చూస్తుంది, రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది అని అడగడం మొదలైంది. మేడం ఇంకాస్త ముందుకు పోయి, "సోఫా కూడా వదిలెయ్యి, వంటింటి గడప దగ్గర నిలబడి చూడు" అన్నారు. నేను గడప దగ్గరే నిలబడి చూశాను. చూసి ఒక కాగితం తయారు చేశాను. దాని నిండా గళ్ళు. పావుగంటకొక గడి. ఒక వరసలో 'తెర మీద ఏముంది?', పక్క వరసలో 'చేతిలో ఏముంది?' ఈ రెండో ప్రశ్న నాది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మేడం దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత, "ఈ ఒక్క ప్రశ్న చాలు, నీకు డాక్టరేటు ఇవ్వొచ్చు" అన్నారు.

నలభై ఒక్క మంది ఆడవాళ్ళ చేత ఆ గళ్ళు నింపించాను. ఒక్కరి చెయ్యీ ఖాళీగా లేదు. పుంగనూరులో మైమూన్ బీ అని ఒకామె, ఇంట్లో కూర్చుని చింతపండులో గింజలు తీసే పని చేస్తుంది. ఐదు సీరియళ్ళ కథలు తేదీలతో సహా చెప్తుంది. కథానాయిక ఎట్లా ఉంటుందని అడిగితే నవ్వేసింది. "దాని మొగం నేనెప్పుడు సూసినానమ్మా? కండ్లు చింతపండు మింద, చెవులు టీవీ మింద. ఒక్క గింజ ఉండిపోయినా సావుకారు మూట వాపస్ పంపిస్తాడు. గొంతు తెలుసు దానిది. మొగం తెల్దు" అంది. ఇంటికి వచ్చే బస్సులో ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. మనమంతా ప్రేక్షకురాలు, ప్రేక్షకురాలు అని రాస్తున్నామే, వీళ్ళు చూడటమే లేదు! వింటున్నారు. చూసే తీరిక ఇవ్వని ఇళ్ళలో, చెవులతో దొంగతనంగా, ముక్కలు ముక్కలుగా వింటున్నారు. నా థీసిస్ అంతా ఆ ఒక్క మాట.

మా ఆయనతో ఆ మాట చెప్పింది కూడా ఆ సాయంత్రమే. "పనీపాటా లేని ఆడోళ్ళు సీరియళ్ళు సూస్తే అది రీసెర్చా? తియరీ యాడుండాది ఇందులో?" అన్నాడు, చెప్పులు నా వైపు విడిచేస్తూ. పనీపాటా లేని! ఆ కాగితాల్లో పని తప్ప ఇంకేం లేదురా నాయనా అందామనుకున్నాను. అనలేదు. టీ పెట్టాను.

ఇక ఏడో నంబరు సంగతి. ఊళ్ళోవాళ్ళ చేత నింపించే ముందు నువ్వొక వారం నింపి చూడు, ఎంత బరువో తెలుస్తుంది అన్నారు మేడం. నింపాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని. ఆ వారం కాగితాలు చదువుకుని నాకే సిగ్గేసింది. చించేస్తానంటే మేడం ఒప్పుకోలేదు. "పరిశోధకురాలు తనను తాను కూడా లెక్కలోకి తీసుకోవడం ఇప్పుడు మన రంగంలో నడుస్తున్న పద్ధతే. పేరు వద్దు, నంబరు వెయ్యి. థీసిస్‌లో ఎక్కడ చెప్పాలో అక్కడ నువ్వే చెప్పుకో" అన్నారు. అట్లా నలభై ఇద్దరిలో ఏడో నంబరు నేనే. ఆ విషయం నాకూ మేడంకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఫైలు ఇప్పుడు మా ఆయన చేతిలో పడింది. కుప్పంలో రెండు రోజుల సెమినార్, 'ఫిల్మ్, టెలివిజన్ అధ్యయనాలు, విద్య: పరిశోధనలో కొత్త ధోరణులు' అని. అందులో పేపరు చదివి, అది అచ్చయితే హెచ్.ఓ.డి. కుర్చీ ఆయనది. ఆయన దగ్గర కొత్త ధోరణి ఏదీ లేదు. నా దగ్గర ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది మా ఇంట్లో మాట్లాడుకోవాల్సిన అవసరం కూడా లేకుండానే జరిగిపోయింది.

"నాకు ఆగస్టు దాకా గడువుండాది, నేను రాస్తాండాను గదా" అన్నాను.

"యాడ రాస్తాండావు? నాకెప్పుడూ కనపల్లేదే!"

మధ్యాహ్నం అత్త కునుకు తీసే గంటలో రాస్తున్నాను. మూడు అధ్యాయాలయ్యాయి. కనపడకుండా చేసే పని ఆయనకు ఎట్లా కనపడుతుంది? అప్పటికీ నాకున్న భయం దాచుకోకుండా చెప్పాను. థీసిస్ ఇచ్చాక దాన్ని కంప్యూటరులో వేసి, ముందే అచ్చయిన వాటితో పోల్చి చూస్తారు. ఆయన పేపరు ముందు అచ్చయితే, నా ప్రశ్నా, నా మాటలూ ఆయనవిగా చూపించి నా థీసిస్‌ను కాపీ అంటుంది ఆ యంత్రం. నా మాటలకు నేనే దొంగనవుతాను. రిజిస్ట్రేషను ఇంకోసారి పొడిగించరు. ఐదేళ్ళూ గంగలో కలిసినట్టే.

"పది శాతం దాకా ఒప్పుకుంటారులే. ఆ మాటలు నువ్వు కొంచెం మార్చి రాసుకో" అన్నాడు. దొంగిలించినవాడు కాదు, నేను మార్చుకోవాలంట. "అయినా మనిద్దరికీ నీదీ నాదీ అని యాల? నాకు ప్రమోషనొస్తే నీకు రానట్టా?"

అత్త మంచం మీంచి అందుకుంది. "మొగుడికియ్యంది ఇంకెవురికిస్తావు మ్మే? కాయితాలే గదా. నగలడిగినాడా, నట్రడిగినాడా?"

కాయితాలే. ఏడ్చాను, తొట్టి దగ్గర కూర్చుని. గిన్నెలు తోముతూ ఏడిస్తే ఎవరూ ఏమిటని అడగరు, ఆ సౌకర్యం ఒకటుంది. నా ప్రాణం ఊరికే ఉసూరుమంది. గురుకులంలో ఎనిమిదో తరగతి చదివే మా నీలిమ ఆ ఆదివారం ఫోనులో, "అమ్మా, నీ బుక్ అయిపోయిందా?" అని అడిగితే, "అవతాంది తల్లీ" అని అబద్ధం చెప్పాను.

పేపరు టైపు చేసింది కూడా నేనే. "నీ చెయ్యి వేగం" అన్నాడు. పొగిడినప్పుడల్లా ఏదో ఒక పని నా నెత్తిన పడుతుందని పదహారేళ్ళలో నేర్చుకున్నాను. నలభై రెండు కాగితాల్లో ఆయన ఏరి పెట్టుకున్నది సరిగ్గా ఏడో నంబరు. "ఇది బాగా కదిలిస్తాది, మొత్తం ఎక్కించు" అన్నాడు. నా చేతులు ఆగిపోయాయి. ఇదేమిటి దేవుడా అనుకున్నాను. చెప్పేద్దామా అనుకున్నాను. అప్పుడొక పిచ్చి ఆశ పుట్టింది నాకు. చదవనీ. రెండుసార్లు చదువుతాడు, మూడుసార్లు చదువుతాడు. ఇది తన ఇల్లేనని ఏదో ఒక వాక్యం దగ్గర తెలిసిపోతుంది. తెలిస్తే తల దించుకుంటాడు. తల దించుకుంటే పేపరు తానే వెనక్కి తీసుకుంటాడు. నేను అడగాల్సిన పని లేదు. ఆయన ప్రూఫు మూడుసార్లు చదివాడు. రెండు అచ్చుతప్పులు పట్టుకుని, "కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకుని టైపు చెయ్యి" అన్నాడు.

కుప్పానికి నన్నూ రమ్మన్నాడు, తెర మీద స్లైడ్లు మార్చడానికి. అత్తను చూసుకోవడానికి మా అమ్మ వచ్చింది. పుంగనూరు, పలమనేరు దాటి బస్సు పోతున్నంతసేపూ ఆయన పక్క సీట్లో నా డైరీని పెదాలతో చదువుకుంటూనే ఉన్నాడు. కిటికీలోంచి చూస్తూ ఒక్కొక్క ఊరు దాటినప్పుడల్లా ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

సెషన్‌కు అధ్యక్షత వహించాల్సిన పెద్దమనిషి రాలేదని, తిరుపతి నుంచి వచ్చిన ప్రమీల మేడంను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమెను చూసి మా ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకుని, "నమస్తే మేడం, మీ స్టూడెంట్ అంబిక హస్బెండ్‌ని" అని నవ్వాడు. మేడం నా వైపు చూశారు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను. ఫోనులో ఆమెకు ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వేదిక మీద ఆయన భాష వేరు. ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటీ అక్కడికి రాదు. గొంతు తగ్గించి, విషాదంగా, ఏడో నంబరు చదివాడు.

"సాయంత్రం ఆరున్నర. తెర మీద: సీరియల్ మొదలైంది. చేతిలో: మిక్సీ జారు. ఊరిబిండి పచ్చడి వేస్తున్నాను. మొదటి సీను మిక్సీ మింగేసింది. ఏమైందని అత్తను అడిగాను. ఏడస్తాంది అంది. ఎవరో చెప్పలేదు. ఆరూ ముప్పావు. ఆయన వచ్చాడు. రిమోటు తీసుకుని వార్తలు పెట్టాడు. నేను చూస్తున్నానా అని అడగలేదు. నిజమే, నేను చూడటం లేదు, వింటున్నాను. చేతిలో: టీ గ్లాసు. ఏడున్నర. తెర మీద: వార్తలు. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. చేతిలో: ఆ కంచం. ఏడూ ముప్పావు. తొట్టి దగ్గర ఉన్నాను. పక్కింటి కిటికీలోంచి నా ఏడున్నర సీరియల్ వినపడుతోంది. తోమాల్సిన గిన్నెలు అయిపోయాయి. లోపలికి పోతే వినపడదు. అందుకని తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాను. ఎనిమిది. చేతిలో: అదే గిన్నె."

ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మా ఆయన కాగితం దించి, "మిత్రులారా, మన చుట్టూ ఇంకా ఇలాంటి భర్తలు ఉన్నారు. ఇంట్లో ఒక మనిషి ఉందన్న స్పృహ కూడా లేని భర్తలు. దీనికి మనమంతా సిగ్గుపడాలి" అన్నాడు. చప్పట్లు. అయ్యో, ఈ మనిషికి నిజంగానే తెలియదు. ఆ గిన్నె ఇంట్లో ఏ అలమరలో ఉందో కూడా తెలియదు, ఇంక నేనెక్కడ తెలుస్తాను? అప్పుడు కోపం కూడా రాలేదు నాకు, జాలేసింది. ఆయన మీదో నా మీదో తేల్చుకోలేకపోయాను.

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "గిరిబాబు గారూ, ఈ ఏడో నంబరు ఆమెను మీరు స్వయంగా కలిశారా?"

"కలిశాను మేడం. రెండు గంటలు మాట్లాడాను. పాపం, పెద్దగా చదువు లేని మనిషి. చెప్తూ చెప్తూ నా ముందే ఏడ్చేసింది."

రెండు గంటలు! పదహారేళ్ళలో ఈ మనిషి నాతో రెండు గంటలు ఎప్పుడు మాట్లాడాడా అని నేను నిజంగానే వెతుక్కున్నాను. దొరకలేదు. తెర మీద 'ధన్యవాదాలు' అన్న స్లైడు వేశాను.

"మంచిది. డైరీని ఉన్నదున్నట్టు అచ్చు వేస్తున్నాం గనుక ఆమె అంగీకార పత్రం కావాలి. సంతకం లేకుండా ఈ పేపరు అచ్చుకు పోదు" అని మేడం ఒక కాగితం ఆయన చేతికిచ్చారు. ఇచ్చేటప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే ఏడ్చేసేదాన్ని.

నాలుగింటికల్లా బస్టాండులో ఉన్నాం. మదనపల్లె బస్సు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆయన చాలా హుషారుగా ఉన్నాడు, నాకు చెరుకురసం కూడా ఇప్పించాడు.

"ఎవురాయమ్మ, ఆ ఏడో నంబరు? పుంగనూరేనా? అట్లయితే దోవలో దిగి సంతకం పెట్టించుకోని పోదాం. యాడ ఉంటాది?"

అప్పుడు చెప్పాను. గ్లాసు బల్ల మీద పెట్టి, ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పాను. "దిగే పన్లేదు. ఏడో నంబరు నేనే."

"ఏంది?"

"ఆ ఇల్లు మనదే. రిమోటు తీసుకున్నది మీరు. కంచంలో చెయ్యి కడుక్కున్నది మీరు. గిన్నె తోముతా నిలబడింది నేను. ఆ కాయితాలు రాసింది నేనే, నా గురించే."

ఇన్నేళ్ళూ నేను ఒకే ఒక్క నమ్మకం మీద బతికాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకు తెలియదు, అంతే. ఎవరూ చెప్పలేదు గనుక తెలియదు. తెలిసిననాడు మారతాడు. ఇదిగో, ఇప్పుడు తెలిసింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, నుదురు ముడిపడింది, మెల్లగా విడిపోయింది. అది సిగ్గు అనుకున్నాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నిజంగా సంతోషపడ్డాను.

"ఓస్! నువ్వేనా!" అన్నాడు. "ముందే చెప్పుండొచ్చు గదా! ఆయమ్మను యాడ వెతికేదిరా అని అప్పట్నించి తల పగిలిపోతాండాది నాకు. ఇదో, ఈడ పెట్టు సంతకం." జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా తానే తీసి ఇచ్చాడు.

నేను పెన్ను తీసుకున్నాను. బల్ల మీద కాగితం పరిచాను. 'నా డైరీని ప్రచురించడానికి' అని ఉంది, కింద రెండు గళ్ళున్నాయి. 'సమ్మతిస్తున్నాను' ఒకటి. 'సమ్మతించడం లేదు' రెండోది. రెండో గడిలో టిక్కు పెట్టి, కింద నా పేరు పూర్తిగా రాసి, సంతకం చేశాను. అక్షరాలు బాగానే వచ్చాయి. ఆయన పైనుంచి సంతకం ఉందా లేదా అన్నంతవరకే చూసి కాగితం మడిచాడు. "మేడం ఇంకా ఆడనే ఉంటారు. ఉరికిపోయి ఇచ్చి రా. బస్సు నేను ఆపుతా."

నేను ఉరకలేదు. నడిచే పోయాను. ఏడుస్తూనే పోయాను, దారిలో జనం చూస్తున్నా తుడుచుకోలేదు. పోయిన సంసారానికి కాదు ఆ ఏడుపు. పోయిన నమ్మకానికి. ఆయనకు తెలియదు అనుకున్నన్ని రోజులు నాకొక ఇల్లుండేది.

మేడం హాలు మెట్ల మీదే ఎదురయ్యారు. కాగితం విప్పి చూశారు. జాగ్రత్తగా మడిచి తన ఫైలులో పెట్టుకున్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "మీ బస్సు వెళ్ళిపోతుందేమో అంబికా" అన్నారు.

"పోనీండి మేడం," అన్నాను. "ఈ రాత్రికి నన్ను మీ గదిలో ఉండనిస్తే, రేపు మీతోపాటు తిరుపతికి వస్తాను. నాలుగో అధ్యాయం ఇంకా మొదలే పెట్టలేదు."